గుమ్మం మీది పేరు

సియోల్ నగరం నడిబొడ్డున ఉన్న గ్యొంగ్‌బొక్‌గుంగ్ అనే రాజప్రాసాదాన్ని నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను. 2006లో మొదటిసారి, 2012లో రెండవసారి, 2024లో మూడవసారి. మూడుసార్లూ దాని సింహద్వారం ముందు నిలబడి, తలయెత్తి పేరు చూశాను. పేరు ఒకటే, గ్వాంగ్‌హ్వామున్. కాని మూడుసార్లూ పలక వేరు. మొదటిసారి చూసిన లిపి రెండవసారి లేదు. రెండవసారి చూసిన రంగు మూడవసారి లేదు. ఒక ఇంటి గుమ్మం మీద పేరు ఇన్నిసార్లు ఎందుకు మారుతుంది? చాలాకాలం ఈ ప్రశ్న నాకు వట్టి వినోదంగానే ఉండేది. మూడవ ప్రయాణం తరువాత అలా లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

ముందుగా ఒక మనవి. కొరియా భాషలోని అచ్చుల్లో రెండింటికి మన వర్ణమాలలో సరైన జోడు లేదు. ఇక్కడి పేర్లన్నీ నా చెవికి వినబడినట్టు రాసినవి. ఆ భాష తెలిసినవారు దిద్దితే సంతోషిస్తాను.

2006 శరత్తులో ఉద్యోగరీత్యా మూడు నెలలు సువొన్ పట్టణంలో ఉన్నాను. యూనికోడు తెలుగులో రాయడం మొదలుపెట్టి అప్పటికి కొన్ని నెలలే అయింది. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నాకిచ్చిన కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. తెలుగు పేజీ తెరిస్తే వరుసగా డబ్బాలే. సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని విడిగా ఎక్కించుకోవాలి. దానికి సీడీ కావాలి. సీడీ కావాలంటే అనుమతి కావాలి. పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి, యాభై దాటిన పెద్దమనిషి, నా తెర మీది డబ్బాలను చూసి "ఇదేనా మీ లిపి?" అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. నవ్వేశాను గాని మనసు చివుక్కుమంది. మరునాడు ఆ సీడీ ఆయనే ఎక్కడినుండో సంపాదించి తెచ్చారు. తెలుగు అక్షరాలు తెర మీద వెలిసిన తరువాత కాసేపు తదేకంగా చూసి, గుండ్రంగా బాగున్నాయని మెచ్చుకొని, "మా లిపి పుట్టిన ఇల్లు చూపిస్తాను, ఆదివారం రండి" అన్నారు.

ఆ ఇల్లే ఈ ప్రాసాదం.

దూరం నుండి ద్వారం కొయ్యతో కట్టినట్టే కనబడింది. దగ్గరికి పోతే కాంక్రీటు. పైన పలక మీద హంగుల్ లిపిలో పేరు ఉంది. "ఇది 1968లో కట్టింది. ఆ అక్షరాలు అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ స్వహస్తంతో రాసినవి. ఈ సంవత్సరం చివర దీన్ని విప్పేస్తారు" అన్నారు మా పెద్దమనిషి. విప్పేస్తున్నందుకు ఆయనకు సంతోషమో విచారమో ముఖం చూస్తే తెలియలేదు. అడిగితే కాసేపు ఆలోచించి, "రాసిన చెయ్యి నాకు నచ్చదు. రాసిన లిపి నచ్చుతుంది" అన్నారు. ఆయన యౌవనమంతా ఆ నియంత పాలనలోనే గడిచిందని తరువాత తెలిసింది.

ఆ రోజు ఆయన చెప్పిన కథకు, ఆపైన నేను చదివి తెలుసుకున్న సంగతులు కూడా చేర్చి క్లుప్తంగా చెబుతాను.

1392లో జొసొన్ రాజవంశాన్ని స్థాపించిన తెజో, రెండేళ్లకు రాజధానిని హన్యాంగ్‌కు, అంటే నేటి సియోల్‌కు మార్చాడు. ఉత్తరాన బుగాక్ కొండను వెన్నుదన్నుగా ఉంచుకొని, దక్షిణముఖంగా 1395లో ఈ ప్రాసాదం పూర్తయింది. పేర్లు పెట్టే పని జొంగ్ దోజొన్ అనే మంత్రిది. ప్రాసాదం పేరును అతడు చీనా దేశపు ప్రాచీన గీతసంకలనంలోని మాటల నుండి తీసుకున్నాడు. గొప్ప భాగ్యంతో వెలిగేది అని స్థూలంగా దాని భావం. సింహాసన మందిరానికి మాత్రం గున్‌జొంగ్‌జొన్ అని పెట్టాడు. శ్రద్ధగా పాలన చేసే చోటు అని అర్థం. సింహాసనం మీద కూర్చున్నవానికి భోగాన్ని కాక పనిని గుర్తుచేసే పేరు. ఇన్ని మంచి పేర్లు పెట్టినవానికి భాగ్యం కలిసిరాలేదు. మూడేళ్లకే, 1398లో, వారసత్వపు కలహంలో ఒక రాజకుమారుని మనుషుల చేతిలో హతమైనాడు. ఆ రాజకుమారుడే తరువాత తెజొంగ్ పేరుతో రాజైనాడు. అతని కొడుకే సెజొంగ్.

సెజొంగ్ 1418లో సింహాసనమెక్కాడు. అతని కాలంలో ఈ ప్రాసాదం ఒక రాజగృహమే కాదు, ఒక పెద్ద పనిశాల కూడా. 1434లో ఇక్కడే జాంగ్ యొంగ్‌షిల్ అనే యంత్రశిల్పి తనంతట తానే గంట కొట్టే నీటిగడియారాన్ని నిలిపాడు. జిప్‌హ్యొన్‌జొన్ అనే మందిరంలో పండితులు రాత్రింబవళ్లు గ్రంథాలు చూసేవారు. సింహద్వారానికి గ్వాంగ్‌హ్వామున్ అనే పేరు కూడా 1426లో ఆ పండితులు పెట్టిందే. ఇక 1443లో సెజొంగ్ ఇరవై ఎనిమిది అక్షరాల కొత్త లిపిని సిద్ధం చేసి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. దానికి పెట్టిన పేరుకు, ప్రజలకు నేర్పే సరైన ధ్వనులు అని అర్థం.

మెచ్చుకునేవారి కంటే అభ్యంతరం చెప్పేవారే ముందు వచ్చారు. 1444లో చ్వే మల్లి అనే పండితుడు, మరికొందరితో కలిసి రాజుకు విన్నపం పెట్టాడు. నాగరికులందరూ చీనా లిపిలోనే రాస్తారు, సొంత లిపులు పెట్టుకున్నవారు మంగోలులు, జపానువారు, టిబెట్టువారి వంటి అనాగరికులు, మనమూ ఆ జాబితాలో చేరాలా అన్నది వాదంలో ఒక భాగం. అతడు పరాయివాడు కాదు. ఆ జిప్‌హ్యొన్‌జొన్‌లోని ప్రముఖ పండితుడే. రాజుకు కోపం వచ్చి వారిని చెరలో పెట్టించి, మరునాడే విడిచిపెట్టాడు. చెర ఒక్కరోజుది గాని వాదం నాలుగు వందల ఏళ్లకు పైగా నడిచింది. 1894 వరకు ప్రభుత్వ శాసనాలు చీనా లిపిలోనే సాగాయి. హంగుల్ ఆడవారి ఉత్తరాల్లో, కథల్లో, సామాన్యుల లెక్కల్లో బతికింది.

జిప్‌హ్యొన్‌జొన్ ఉన్న చోట ఇప్పుడున్నది సూజొంగ్‌జొన్ అనే మందిరం. 1867లో కట్టినది. దాని అరుగు దగ్గర నిలబడి మా పెద్దమనిషి జేబులోంచి కాగితం తీసి నాకు అక్షరాలు చూపించారు. క కారపు గుర్తు నాలుక మూలం పైకి లేచి గొంతును అడ్డగించే ఆకారం. న కారపుది నాలుక కొన పైపళ్ల చిగురును తాకే ఆకారం. మ కారపుది నోరు. అచ్చులకు మూలం మూడు గుర్తులు: ఆకాశానికి చుక్క, నేలకు అడ్డగీత, మనిషికి నిలువుగీత. హల్లు పక్కనో కిందో అచ్చు, దాని అడుగున ఇంకో హల్లు పేర్చి ఒక గడిలో ఇమిడ్చినప్పుడు, "ఇది మా ఒత్తులాగే ఉందే" అన్నాను. అరగంటలో నా పేరు రాయగలిగాను.

ఆ రాత్రి గదికి వచ్చి యూనికోడు పట్టికలు తెరిచాను. మొదటి హల్లులు 19, అచ్చులు 21, చివరి హల్లుకు ఖాళీతో కలిపి 28 అవకాశాలు. గుణిస్తే 11,172. ఆ గడులన్నిటికీ విడివిడిగా సంకేతస్థానాలు ఉన్నాయి. మన తెలుగుకు కేటాయించిన ఖండం మొత్తం 128 స్థానాలు. మనది కూడికతో పనిచేసే పద్ధతి కాబట్టి అన్ని అవసరం లేదని నాకు తెలుసు. అయినా ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసి చాలాసేపు అసూయపడ్డాను. ఒక లిపికి ఎన్ని స్థానాలున్నాయన్నది కాదు, ఎందరు చదువుతారన్నది ముఖ్యమన్న సంగతి అప్పుడు నా తలకెక్కలేదు.

ప్రాసాదం కథకు వస్తాను. 1592లో జపాను దండయాత్ర జరిగినప్పుడు రాజు రాజధాని విడిచి ఉత్తరానికి వెళ్లిపోయాడు. ప్రాసాదం తగలబడింది. బానిసల పత్రాలు కాల్చేయడానికి వచ్చిన జనమే నిప్పు పెట్టారని అప్పటి రాతలు. కాదు, సైన్యం వచ్చినప్పుడు ప్రాసాదం నిలిచే ఉందని జపాను వైపు రాతల ఆధారంగా మరికొందరి వాదన. జొసొన్ రాజుల చరిత్ర ప్రతులు దాచిన నాలుగు భాండాగారాల్లో మూడు ఆ యుద్ధంలో బూడిదైనాయి. నాలుగవదైన జొన్‌జు ప్రతిని అక్కడి పండితులు ఇద్దరు కొండల్లోకి మోసుకుపోయి కాపాడారు. రాజు ఇల్లు పోయింది, రాజుల కథ మిగిలింది.

కాలిన ప్రాసాదం అలా 273 ఏళ్లు మొండిగోడలతో ఉండిపోయింది. 1865లో, బాలరాజు గోజొంగ్ పేర పాలిస్తున్న అతని తండ్రి హుంగ్‌సొన్ దేవొన్‌గున్ పునర్నిర్మాణం ఆరంభించాడు. ఖజానా చాలక, మామూలు నాణేనికి వంద రెట్లు విలువ అని ముద్ర వేసిన కొత్త నాణేలను 1866లో కొట్టించాడు. అంత విలువ వాటి లోహంలో లేదు. ధరలు మండిపోయాయి. ఆ భారమంతా మోసి, 1868లో రాజు కాపురం పెట్టాడు. నేడు మనం చూసే ప్రాసాదం స్వరూపం ఆ కట్టడానిదే.

అందులో రాజకుటుంబం ప్రశాంతంగా ఉన్నది తక్కువే. వెనుకవైపు గొన్‌చొంగ్‌గుంగ్ అనే చిన్న నివాసం ఉంది. 1887లో కొరియాలో మొదటి విద్యుద్దీపాలు వెలిగింది ఆ ప్రాంతంలోనే. 1895 అక్టోబరు 8న తెల్లవారుజామున జపాను రాయబారి మియురా గోరో పన్నాగంతో వచ్చిన హంతకులు రాణిని చంపింది కూడా అక్కడే. నాలుగు నెలలకు రాజు మారువేషంలో బయటపడి రష్యా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. మళ్లీ ఈ ప్రాసాదంలో కాపురం చేయలేదు.

1910లో దేశమే జపాను పాలైంది. 1915లో ప్రాసాదం లోపల ప్రదర్శన పెట్టడానికి ఎన్నో భవనాలను తీసేశారు. సింహాసన మందిరానికి ఎదురుగా, దాన్ని ఊరికి కనబడకుండా మరుగుపరుస్తూ, గవర్నర్ జనరలు కార్యాలయాన్ని రాతితో కట్టి 1926లో పూర్తిచేశారు. సింహద్వారం అడ్డమైంది. దాన్ని కూల్చేస్తారని తెలిసి, యనాగి మునెయోషి అనే జపాను రచయిత 1922లోనే దాని చావుకు ముందే శోకిస్తూ వ్యాసం రాశాడు. ఆ వ్యాసం కలిగించిన కదలిక వల్లనే కూల్చివేత ఆగి, ద్వారాన్ని విప్పి తూర్పువైపు తరలించారని చెబుతారు. ఒక వ్యాసం ఒక ద్వారాన్ని కాపాడిందన్న మాట రాసేవాళ్లందరికీ ఇంపుగానే ఉంటుంది. కాని ఆ తరువాత కొరియా యుద్ధంలో దాని పైనున్న కొయ్య కట్టడం మొత్తం కాలిపోయింది.

1968లో కాంక్రీటుతో మళ్లీ ముందువైపు కట్టినప్పుడు, దాన్ని పాత ప్రాసాదపు వరుసలో కాక గవర్నర్ జనరలు భవనపు వరుసలో పెట్టారు. మూలానికి దాదాపు 3.75 డిగ్రీల తేడా. ఆ భవనం స్వాతంత్ర్యం తరువాత దేశ పరిపాలనా కేంద్రమైంది. 1986 నుండి జాతీయ సంగ్రహాలయమైంది. 1948 ఆగస్టు 15న కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించింది దాని మెట్ల ముందే. కాబట్టి 1995లో అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్ దాన్ని కూల్చేయడానికి పూనుకున్నప్పుడు, ఇదీ మా చరిత్రే, ఉండనివ్వండి అన్నవారు కూడా ఉన్నారు. విముక్తికి యాభయ్యేళ్లు నిండిన ఆగస్టు 15న మొదట శిఖరాన్ని కోసి దించారు. ఆ శిఖరం ఇప్పుడు చొనాన్‌లోని స్వాతంత్ర్య సంగ్రహాలయంలో, తవ్విన పల్లంలో ఉంది. చూసేవారు దాన్ని తలవంచి చూడాలి, తలయెత్తి కాదు.

2012లో రెండవసారి వెళ్లాను. మా పెద్దమనిషి ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరు వెళ్లిపోయారు. ద్వారం ఇప్పుడు కొయ్యది. సరైన చోట, సరైన కోణంలో, 2010 ఆగస్టు 15న తెరిచారు. పలక మీద హంగుల్ లేదు. 1860ల నాటి పునర్నిర్మాణ కాలంలో ఇమ్ తెయొంగ్ అనే సేనాని రాసిన చీనా అక్షరాలను పాత ఛాయాచిత్రం ఆధారంగా తిరిగి చెక్కారు. తెల్లని నేల మీద నల్లని అక్షరాలు. మూడు నెలలైనా గడవక ముందే ఆ పలక బీటలు వారిందని, దేశమంతా గగ్గోలు పెట్టిందని చదివాను. బీటను అతికిన చోటు కనిపిస్తుందేమోనని కింద నిలబడి వెతికాను. కనిపించలేదు.

ఆనాడు ఒంటరిగా తిరుగుతూ ప్రాసాదం వెనుక భాగంలో వరుసగా పరిచిన రాళ్లను చూశాను. అవి యువరాజు నివాసమైన జాసొన్‌దాంగ్ పునాదిరాళ్లు. వలసపాలన కాలంలో ఒకుర కిహచిరో అనే వ్యాపారి ఆ భవనాన్ని విప్పించి టోక్యోలోని తన ఇంటికి తరలించి, సంగ్రహాలయంగా పెట్టుకున్నాడు. 1923 మహాభూకంపం నాటి మంటల్లో అది కాలిపోయింది. మిగిలిన రాళ్లు డెబ్బై ఏళ్లు దాటిన తరువాత స్వదేశం చేరాయి. కాని నిప్పుకు పెళుసెక్కినందున భవనం మోయలేవని తేలింది. 1999లో జాసొన్‌దాంగ్‌ను కొత్త రాళ్ల మీద కట్టి, వీటిని ఇలా విడిగా ఉంచారు. ప్రాసాదమంతటిలో నాకు కదలబుద్ధి కాని చోటు అదే. తిరిగి వచ్చినవన్నీ తిరిగి పనికి రావు. అయినా పారేయలేదు.

మూడవసారి, 2024 అక్టోబరులో, మా అమ్మాయి వెంట ఉంది. పదహారేళ్లది. పూణేలో పుట్టి పెరిగింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. నేర్పాలని ప్రతి వేసవిలోనూ అనుకున్నాం. ప్రతి వేసవిలోనూ ఏదో ఒకటి అడ్డు వచ్చింది. కొరియా ధారావాహికలు చూసి చూసి హంగుల్ మాత్రం రెండు సాయంకాలాల్లో నేర్చేసుకుంది. మెట్రోలో, అంగళ్ల మీద, బస్సుల మీద ప్రతి పలకనూ బిగ్గరగా చదువుతూనే ఉంది. అద్దెకు దొరికే సంప్రదాయ దుస్తులు వేసుకుంటే ప్రాసాదానికి ప్రవేశ రుసుము ఉండదు. ఆకుపచ్చ లంగా కుచ్చెళ్లు పట్టుకొని ద్వారం ముందుకు వచ్చి తలయెత్తి ఆగిపోయింది.

"నాన్నా, ఇది నాకు రావడం లేదు."

పలక మళ్లీ మారింది. 2023 అక్టోబరు 15న కొత్తది ఎత్తారు. నల్లని నేల మీద బంగారు అక్షరాలు. టోక్యోలోని వసెడా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న పునర్నిర్మాణ దినచర్య గ్రంథంలో, పలక నల్లనిదనీ అక్షరాలు బంగారు పూత వేసిన రాగివనీ ఉంది. తమ గుమ్మం రంగు పరదేశంలోని పుస్తకంలో దొరికిందన్నమాట. రంగు మారినా లిపి చీనా లిపే. పక్కనే ఛాయాచిత్రాలు తీసుకుంటున్న కాలేజీ అమ్మాయిని మావాళ్ల అమ్మాయి వచ్చీరాని మాటలతో అడిగింది. ఆ పిల్ల నవ్వి, అది గ్వాంగ్‌హ్వామున్ అని తెలుసు కాబట్టి చదువుతానే తప్ప, విడిగా ఆ అక్షరాలు చూపిస్తే మొదటిది మాత్రమే వచ్చునంది.

"వాళ్ల అక్షరాలు పుట్టిన ఇంటికి వాళ్ల అక్షరాలతో పేరు ఎందుకు రాసుకోలేదు?" అని అడిగింది మా అమ్మాయి.

ఆ దేశంలోనూ ఇదే ప్రశ్న అడిగేవారున్నారని చెప్పాను. అదే సంవత్సరం వారి సాంస్కృతిక మంత్రి కూడా ఈ చర్చను మళ్లీ లేవనెత్తారు. పునరుద్ధరణ అంటే ఉన్నది ఉన్నట్టు నిలపడం, ఇష్టం వచ్చినట్టు మార్చితే అది 1968 కాంక్రీటు వంటిదే అవుతుందని ఒకరి మాట. దేశపు ముంగిట్లో దేశపు పిల్లలు చదవలేని పేరు ఉండటమేమిటని ఇంకొకరి మాట. రెండింటిలోనూ న్యాయం ఉంది అన్నాను. అది తల ఊపింది గాని ఒప్పుకున్నట్టు లేదు.

సూజొంగ్‌జొన్ దగ్గర కూర్చున్నప్పుడు, పద్దెనిమిదేళ్ల కిందట అక్కడే నాకు అక్షరాలు నేర్పిన పెద్దమనిషి సంగతి, డబ్బాల సంగతి చెప్పాను. సీడీ లేకపోతే తెలుగు కనబడని రోజులుండేవని, తెలుగు అంతర్జాలంలో నిలబడాలని మేమంతా ఎంత తాపత్రయపడ్డామని, ఉత్సాహంగానే చెప్పుకొచ్చాను. అంతా విని నెమ్మదిగా అడిగింది.

"అప్పటినుంచీ రాస్తూనే ఉన్నావు కదా నాన్నా. ఎవరు చదవాలని?"

నిష్ఠూరం కాదు. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తెర మీది డబ్బాలను తొలగించడానికి నేను వెచ్చించిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. అవే అక్షరాలు నా బిడ్డ కంటికి నేటికీ డబ్బాలే. అందుకు వెచ్చించిన సాయంకాలాలు రెండైనా లేవు. ఊళ్లో అమ్మ 2021లో పోయినప్పుడు, నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో తను రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలను ఒక రేకుపెట్టెలో పూణేకు తెచ్చుకున్నాను. వాటిలో నాన్నమ్మ ఏం రాసిందని మా అమ్మాయి అప్పట్లో రెండు మూడుసార్లు అడిగింది. తీరిక చూసి చదివి వినిపిస్తానన్నాను. ఆ తరువాత అడగడం మానేసింది.

ఆ రోజు తిరిగివచ్చేటప్పుడు దారి తప్పించి దాన్ని ఆ కాలిన రాళ్ల దగ్గరికి తీసుకుపోయాను. కథ చెప్పాను. వంగి ఒక రాయి అంచు చూసి, "ముందే తెచ్చుకుని ఉంటే బాగుండేది" అంది. రాళ్ల గురించే అంది.

ఇంటికి చేరిన వారానికి రేకుపెట్టె దించాం. నేను చదివి వినిపించనని చెప్పాను. వర్ణమాల అట్ట ఒకటి పక్కన పెట్టుకొని, గుణింతాల దగ్గర నసుగుతూ, ఒత్తుల దగ్గర విసుక్కుంటూ మొదటి ఉత్తరం చదవడానికి దానికి తొమ్మిది రోజులు పట్టింది. క్షేమం అన్న మాటలోని మొదటి అక్షరమే ఒక సాయంకాలం మింగింది. ఇంతా చేసి ఆ ఉత్తరంలో ఉన్నది పంపిన ఆవకాయ జాడీ పగలకుండా చేరిందా, ఉప్పు సరిపోయిందా, చలికి దుప్పటి చాలుతోందా అన్న మూడు ప్రశ్నలే. మూడింటికీ నేను అప్పట్లో జవాబు రాశానో లేదో గుర్తు లేదు.

వచ్చే ఏడాది అది కాలేజీకి వెళ్లిపోతుంది. పెట్టెలో ఇంకా ముప్పైకి పైగా ఉత్తరాలు ఉన్నాయి. అన్నీ అవుతాయో లేదో తెలియదు. మా ఇంటి గుమ్మం మీది పలక మాత్రం ఇవాళ్టికీ ఇంగ్లీషులోనే ఉంది.